గూడూరు జర్మన్లు

శ్రీశైలం అనే పరిశోధక విద్యార్థికి వచ్చిపడ్డ చిక్కు పైకి చూస్తే చాలా చిన్నది. మేడమ్ రాసిన పుస్తకంలో ఒక తప్పుంది. ఆ సంగతి మేడమ్‌కి చెప్పాలి. ఇంతేనా, ఇందులో ఏముంది అనిపిస్తుంది. చెప్పాల్సింది సుగుణమణి మేడమ్‌కి అని తెలిస్తే మాత్రం ఎవరూ అలా అనరు.

హైదరాబాదులో శ్రీశైలం చదివిన యూనివర్సిటీలో జర్మన్ శాఖ అంటే సుగుణమణి మేడమే. గూడూరు వైపు మనిషి. లూథరన్ క్రైస్తవుల కుటుంబం. సన్నంచు నేత చీర, చేతికి ఒక వాచీ, అంతకు మించి ఒంటి మీద ఏమీ ఉండేది కాదు. మాటా అంతే పొదుపు. ఎవరైనా బాగా చెప్పారనిపిస్తే, జర్మనీలో విద్యార్థులు చేసినట్టు, వేలి కణుపులతో బల్ల మీద టకటకమని కొట్టేది. ఆ చప్పుడు తన కోసం ఒక్కసారి విన్నవాడు ఏడాది పొడుగునా అదే చెప్పుకు తిరిగేవాడు. కోపం వస్తే అరిచేది కాదు. కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకునేది. అంతటితో ఎదుటివాడికి చెమటలు పట్టేవి.

తెలుగు బళ్ళో చదువుకుని వచ్చిన పిల్లలకు జర్మన్ నేర్పడానికి ఆమె ఎప్పుడో ఒక పుస్తకం రాసింది. పచ్చట్ట పుస్తకం అని దానికి పేరు. భాష ఒక్కటే కాదు, ఆ దేశం వాళ్ళు ఎలా పలకరించుకుంటారు, ఎలా ఇల్లు అద్దెకు అడుగుతారు, ఒకరింటికి ఒకరు భోజనానికి వెళితే ఏం మాట్లాడుకుంటారు, అన్నీ సంభాషణలుగా రాసింది. ఇన్నీ రాసిన మనిషి జర్మనీ మొహం ఎన్నడూ చూడలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె అయినా ఎప్పుడూ చెప్పలేదు.

శ్రీశైలం ఆ పచ్చట్ట పుస్తకం తినే పెరిగాడనుకోవచ్చు. జనగామ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, జర్మన్ అంటే ఏమిటో తెలియకుండానే, సీటు దొరికింది కదా అని చేరిపోయాడు. మేడమ్ దగ్గరే ఎం.ఏ. చేశాడు, మేడమ్ దగ్గరే పరిశోధనకు కుదిరాడు. చివరికి స్కాలర్‌షిప్పు మీద జర్మనీ వెళ్ళి ఏడాది ఉండి వచ్చాడు. ఇప్పుడు సాయంత్రం పూట సర్టిఫికెట్ కోర్సుకు పాఠాలు చెబుతున్నాడు.

పచ్చట్ట పుస్తకం మళ్ళీ అచ్చువేయాల్సి వచ్చింది. నర్సింగు చదివిన అమ్మాయిలు జర్మనీలో ఉద్యోగాలకు వెళ్ళడం మొదలుపెట్టాక సాయంత్రం క్లాసులో చోటు చాలడం లేదు, పుస్తకాలూ చాలడం లేదు. సోమవారం నాడు మేడమ్ ప్రూఫుల కట్ట శ్రీశైలం చేతిలో పెట్టింది.

"నువ్వు అక్కడుండి వచ్చావు. నేను పోలేదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. ఎక్కడెక్కడ తప్పుందో చెప్పు. శుక్రవారం ప్రెస్సుకి పోవాల."

శ్రీశైలం రెండు చేతులా అందుకున్నాడు. చదవకముందే అతనికి తెలుసు తప్పెక్కడుందో. ఏడో పాఠం.

ఏడో పాఠం విందు భోజనం గురించి. హెర్ షుల్జ్ అనే ఆయన ఫ్రౌ వేబర్ అనే ఆవిడ ఇంటికి భోజనానికి వెళతాడు. ఫ్రౌ వేబర్ గిన్నె మూత తీసి, వడ్డించమంటారా అంటుంది. హెర్ షుల్జ్, "నైన్, డాంకె", అంటే "వద్దండీ, థాంక్యూ" అంటాడు. "అయ్యో, అలా అంటే ఎలా, కొంచెం" అంటుంది ఆవిడ. "నిజంగానే వద్దండీ" అంటాడు ఆయన. "మా ఇంటికి వచ్చి తినకుండా పోతారా, నేను ఊరుకోను" అని ఆవిడ గరిటె ఎత్తుతుంది. అప్పుడు హెర్ షుల్జ్, "సరే, మీ మాట కాదనలేక" అంటూ పళ్ళెం ముందుకు జరుపుతాడు. పాఠం కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక కూడా ఉంది. అడగ్గానే ఒప్పుకోవడం మర్యాద కాదనీ, ఇంటివారు బలవంతం చేసి వడ్డిస్తారనీ.

జర్మనీ వెళ్ళిన మొదటి వారంలోనే శ్రీశైలానికి ఈ పాఠం పనికొచ్చే రోజు వచ్చింది. చిన్న ఊరు. ఫ్రౌ లోరెంజ్ అనే పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాడు. ఆవిడ ఒక సాయంత్రం భోజనానికి కిందికి రమ్మంది. శ్రీశైలం పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఎటూ విందు ఉంది కదా అని మధ్యాహ్నం కూడా కడుపు మాడ్చుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాడు.

ఆవిడ ఓవెన్‌లోంచి తీసిన గిన్నె మూత తెరిచింది. ఆలుగడ్డలు, పైన కరిగిన చీజు. వాసనకే ప్రాణం లేచొచ్చింది. "వడ్డించనా?" అంది.

శ్రీశైలం తల కాస్త వంచి, అచ్చం హెర్ షుల్జ్ లాగా, "నైన్, డాంకె" అన్నాడు.

"అలాగా" అని ఆవిడ మూత పెట్టేసింది.

తనకు తాను వడ్డించుకుని నింపాదిగా తినడం మొదలుపెట్టింది. మీ దేశంలో వానలు ఎప్పుడు పడతాయని అడిగింది. శ్రీశైలం వానల గురించి చెబుతూ గిన్నె వంకే చూస్తున్నాడు. ఇప్పుడు అడుగుతుంది, ఇదిగో అడుగుతుంది అనుకుంటూ మంచినీళ్ళు తాగాడు. ఆవిడ తిని, మూతి తుడుచుకుని, గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్జులో పెట్టేసింది. శ్రీశైలం పైకెళ్ళి, అమ్మ కట్టిచ్చిన సకినాలు తీసి, నమిలే చప్పుడు కిందికి వినిపిస్తుందేమోనని ఒక్కొక్కటే నోట్లో నానబెట్టుకుని తిన్నాడు.

కొన్నాళ్ళకు ఆవిడతో చనువు పెరిగాక ఈ సంగతి చెబితే ఆవిడ తల పట్టుకుంది. "ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పాలి కదా, నీ కడుపులో ఏముందో నాకెలా తెలుస్తుంది?" అంది. మళ్ళీ ఎప్పుడూ శ్రీశైలం ఆ ఇంట్లో ఆకలితో లేడు. వద్దంటే వద్దని, కావాలంటే కావాలని అక్కడి లెక్క. ఒకసారి అలవాటయ్యాక ఎంత హాయిగా ఉందో అనుకున్నాడు కూడా.

తిరిగొచ్చాక హాస్టల్లో ఈ కథకు భలే గిరాకీ వచ్చింది. పక్క గది నరహరి, కెమిస్ట్రీలో పరిశోధన చేస్తాడు, ఎవరు కొత్తగా వచ్చినా లాక్కొచ్చి కూర్చోబెట్టేవాడు. "అన్నా, గూడూరు జర్మన్ల కత చెప్పే!" అనేవాడు. శ్రీశైలం ఒకసారి ఫ్రౌ వేబర్ అయి, ఒకసారి హెర్ షుల్జ్ అయి, గరిటె బదులు హ్యాంగర్ పట్టుకుని ఆడి చూపించేవాడు.

"మా మేడమ్ జర్మనీ ఎన్నడు పోలే బై. ఆమె జర్మన్లంత గూడూరోళ్ళే. పేర్లే షుల్జు, వేబరు. కొసరి కొసరి ఒడ్డిస్తరు, ఒట్లు పెట్టుకుంటరు!"

గది గదంతా పొర్లి పొర్లి నవ్వేది. నవ్వు తగ్గాక శ్రీశైలం ప్రతిసారీ గొంతు తగ్గించి, "పాపం, ఆమెకేం తెలుస్తది" అని కలిపేవాడు. ఆ మాటతో తన మనసు తనకే మంచిదనిపించేది.

ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పాడు. మేడమ్‌కి మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ప్రూఫులు చేతికొచ్చాయి. మామూలు రోజుల్లో అయితే ఏమో గానీ, ఇవి మామూలు రోజులు కావు. వేసవికి మేడమ్ రిటైరవుతోంది. ఆ ఖాళీలో ఎవరిని వేసుకోవాలో తేల్చడానికి కమిటీ ఉంది, ఇంటర్వ్యూ ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ మేడమ్ సిఫార్సు ఉత్తరంలో ఎవరి పేరుంటే ఉద్యోగం వాళ్ళదేనని మెట్ల మీద కూర్చునే పిల్లలకు కూడా తెలుసు. శ్రీశైలం ఆ గది ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తలుపు మీద తన పేరు ఎలా ఉంటుందో చూసుకునేవాడు. ఆమె రాసిన పాఠాన్ని తప్పు పట్టి, ఆమె చేత తన పేరు రాయించుకోవడం ఎలా? అందులోనూ అంత పెద్ద మనిషి, తనకు అక్షరం నేర్పిన మనిషి, మొహం మీద తప్పంటే బాధపడదా? ఇందులో గౌరవం ఎంతో, భయం ఎంతో, ఆ కుర్చీ మీద ఆశ ఎంతో శ్రీశైలం విడదీసి చూసుకోలేదు. అన్నిటికీ కలిపి గౌరవమనే పేరు పెట్టుకున్నాడు.

మంగళవారం మేడమ్ అడిగింది.

"చదివావా?"

"మొత్తం చదివిన మేడమ్."

"తప్పులు?"

"లేవు మేడమ్."

"ఒక్కటీ?"

"ఒక్కటి గూడ లేదు మేడమ్. మీ పుస్తకంల తప్పులు పట్టేటంతటోన్నా నేను?"

మేడమ్ అతన్ని ఒక్క క్షణం చూసింది. "నేనడిగింది పుస్తకం గురించి. నీ గురించి కాదు" అంది. తర్వాత "మంచిది" అని తన పనిలో పడిపోయింది.

బయటికొచ్చి శ్రీశైలం ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు.

బుధవారం సాయంత్రం క్లాసులో ఆరో పాఠం అయిపోయింది. శ్రీశైలం పేజీలు గబగబా తిప్పి ఎనిమిదో పాఠం తీయమన్నాడు. ముందు వరుసలో భూలక్ష్మి అని ఖమ్మం అమ్మాయి, చెయ్యెత్తింది. ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చే మనిషి.

"సార్, ఏడో పాఠం?"

"అది పరీక్షకు రాదమ్మా."

"పరీక్షకు కాదు సార్. మేం అక్కడ బతకాలి కదా. వాళ్ళింటికి పిలిస్తే ఏం చెయ్యాలో అందులో ఉందంట."

శ్రీశైలానికి తప్పు పాఠం చెప్పడానికి నోరు రాలేదు. తప్పని చెప్పడానికీ రాలేదు. "తర్వాత చూద్దాం" అన్నాడు. క్లాసు అయ్యాక భూలక్ష్మి వరండాలో మేడమ్ ఎదురైతే, ఏడో పాఠం సార్ వదిలేశారు, మీరైనా చెబుతారా మేడమ్ అని అడిగేసింది. ఆ అమ్మాయికి చాటుమాటు తెలియదు.

గురువారం పొద్దున్నే మేడమ్ పిలిచింది.

"ఏడో పాఠం వదిలేశావంట?"

"టైం సరిపోలే మేడమ్."

"పాఠం ఎట్లుంది?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి లేదన్నాక ఉందనడం ఎలాగో అతనికి తెలియలేదు. లేదన్నదాన్ని గట్టి చేసుకోవడమే తేలిక అనిపించింది.

"మస్తుంటది మేడమ్. మొత్తం పుస్తకంల నాకు మంచిగనిపిచ్చేది ఆ పాఠమే. జర్మన్లు అచ్చం గట్లనే ఉంటరు."

మేడమ్ కళ్ళజోడు తీసింది. చెంగుతో తుడుచుకుంది. ఆ గదిలో ఎప్పుడూ దుమ్మే, పుస్తకాల దుమ్ము. శ్రీశైలం అందుకేననుకున్నాడు, లేదా అనుకోవాలనుకున్నాడు.

శుక్రవారం మేడమ్ ప్రూఫులన్నీ పెద్ద కవర్లో పెట్టి అతనికిచ్చింది.

"నల్లకుంట ప్రెస్సులో ఇచ్చిరా. లోపలి అట్ట పేజీ ఒక్కటి మార్చాను. అది చూసుకోమని చెప్పు."

ప్రెస్సు సందు మొదట్లో ఒక ఇరానీ హోటలుంది. శ్రీశైలం చాయ్ చెప్పి, ఏం మార్చిందో చూద్దామని కవరు విప్పాడు. లోపలి అట్ట మీద పుస్తకం పేరు, దాని కింద ఎప్పటిలాగే ఆచార్య పి. సుగుణమణి. ఆ కింద మేడమ్ తన గుండ్రటి అక్షరాలతో కొత్తగా ఒక వాక్యం రాసింది.

"జర్మనుల ఆచార వ్యవహారాలను సరిచూసి, అన్నీ సరిగా ఉన్నాయని ధ్రువపరచినవారు: కె. శ్రీశైలం, జర్మనీలో నివసించి వచ్చినవారు."

శ్రీశైలం ఒళ్ళు పులకరించింది. తన పేరు అచ్చులో, అదీ మేడమ్ పేరు కింద! చాయ్ వచ్చింది కూడా చూసుకోలేదు. ఇది ఉత్తి పేరు కాదు, కుర్చీ తనదేనని చెప్పకనే చెప్పడం అనుకున్నాడు. ఫోన్ తీసి ఫొటో కొట్టి నరహరికి పంపాడు.

నరహరి దగ్గర్నుంచి వెంటనే జవాబొచ్చింది. "ఇగ నువ్వు గూడ గూడూరోనివే అన్నా!" అని, పక్కన నవ్వే బొమ్మలు.

శ్రీశైలం మళ్ళీ ఆ వాక్యం చదివాడు. ఈసారి చివరి నుంచి మొదటికి చదివినట్టుగా ప్రతి మాటా విడివిడిగా కనిపించింది. సరిచూసి. ధ్రువపరచి. నివసించి వచ్చి. ఈ పుస్తకం భూలక్ష్మి బ్యాగులో జర్మనీ వెళుతుంది. ఆస్పత్రి అలసటతో ఆ అమ్మాయి ఎవరింటికో భోజనానికి వెళ్ళి "నైన్, డాంకె" అంటుంది. ఆకలితో తిరిగొచ్చి, ఈ పాఠం సరైందని చెప్పినవాడు ఎవడా అని మొదటి పేజీ తిప్పి చూస్తుంది. రేపు తనే ఏదో సెమినారులో మాట్లాడుతుంటే జర్మనీ నుంచి వచ్చినాయన ఎవరో ఈ పుస్తకం తిరగేస్తాడు. గమనిక చదువుతాడు. పేరు చదువుతాడు. తలెత్తి తన వంక చూస్తాడు.

చాయ్ మీద మీగడ కట్టింది. శ్రీశైలం అది అలాగే వదిలేసి లేచాడు. ప్రెస్సు కనిపిస్తూనే ఉంది. అటు కాకుండా ఇటు తిరిగి బస్సెక్కాడు.

శాఖలో మేడమ్ ఒక్కతే ఉంది. అరల్లోంచి తన పుస్తకాలు తీసి విడిగా పేర్చుకుంటోంది.

"ఇచ్చొచ్చావా?"

"ఇయ్యలే మేడమ్."

"ప్రెస్సు మూసుందా?"

"లేదు మేడమ్. తెరిచే ఉన్నది." శ్రీశైలం కవరు బల్ల మీద పెట్టాడు. "మేడమ్, నా పేరు తీసెయ్యాలె."

"ఎందుకు? నేను అబద్ధం రాశానా? తప్పులున్నాయా అన్నాను, లేవన్నావు. మళ్ళీ అడిగాను. అచ్చం అట్లాగే ఉంటారన్నావు. నువ్వు చెప్పిందే రాశాను."

"తప్పున్నది మేడమ్. ఏడో పాఠంల."

మేడమ్ చేతిలో పుస్తకం కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. "చెప్పు" అంది.

శ్రీశైలం చెప్పాడు. ఫ్రౌ లోరెంజ్ గిన్నె సంగతి, మూత సంగతి, వానల సంగతి, సకినాల సంగతి. హాస్టల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో! ప్రతిచోటా ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళు తిప్పాలో అతనికి కంఠతా వచ్చు. అదే కథ ఇక్కడ చెబుతుంటే ఒక్క చోటా నవ్వు రాలేదు. ఆకలితో మెట్లెక్కిన సంగతి చెప్పేటప్పుడు మేడమ్ మొహం చిన్నబోయింది.

"నా పుస్తకం పట్టుకుని పోయి పస్తున్నావా?" అంది.

"ఒక్క పూటనే మేడమ్."

"ఎప్పుడు సంగతి ఇది?"

"పోయిన మొదటి వారమే."

"అంటే వచ్చినప్పటి నుంచీ నీకు తెలుసు."

శ్రీశైలం తల దించుకున్నాడు. మేడమ్ కిటికీ వైపు తిరిగింది. మాట్లాడ్డం మొదలుపెట్టినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు.

"మా ఊరి దగ్గర మిషన్ ఆస్పత్రి ఉండేది. అందులో సిస్టర్ ఎల్‌ఫ్రీడా అని జర్మన్ నర్సు. వయసులో ఉండగా వచ్చింది, మళ్ళీ పోలేదు, మా మట్టిలోనే కలిసింది. మా అమ్మ అక్కడ బట్టలుతికేది. నేను అమ్మ వెనకాల పోయేదాన్ని. సిస్టర్ నన్ను పిలిచి రొట్టె ముక్క చూపించి, తింటావా పాపా అనేది. నేను వద్దనేదాన్ని. ఎవరేం పెట్టినా వద్దనమని మా అమ్మ చెప్పి ఉండేది. ఆమె మళ్ళీ అడిగేది. మళ్ళీ వద్దనేదాన్ని. ఇట్లా రావే అని ఒళ్ళో కూచోబెట్టుకుని నోట్లో పెట్టేది. నా కడుపులో ఏముందో ఆమెకి తెలుసు. నాకు మొదటి జర్మన్ మాట నేర్పింది ఆమే. నేను చూసిన జర్మన్ మనిషి ఆమె ఒక్కతే. ఏడో పాఠం ఆమెను తలుచుకుని రాశాను."

శ్రీశైలానికి హ్యాంగర్ పట్టుకుని తను ఆడిన ఆట గుర్తొచ్చింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలినట్టయింది.

మేడమ్ కవర్లోంచి లోపలి అట్ట పేజీ బయటికి లాగింది. ఎర్ర పెన్ను మూత తీసి, శ్రీశైలం పేరున్న వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టింది. పేజీ అతని వైపు తిప్పి చూపించింది.

"నీ పేరు తీసేశాను. ఇప్పుడిక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంకొకటి కూడా విను. సిఫార్సు ఉత్తరం నిన్ననే పంపించేశాను. అందులో ఎవరి పేరుందో నీకు చెప్పను. దాన్ని ఇక నేను మార్చలేను, నువ్వూ మార్చలేవు." పెన్ను మూత పెట్టింది. "ఇప్పుడు చెప్పు. ఏడో పాఠంలో తప్పుందా?"

శ్రీశైలం ఆ ఎర్ర గీత వంక చూశాడు.

ఇందాక ఇంత దూరం పరుగెత్తుకొచ్చినప్పుడు ఉన్న తొందర ఏమైందో తెలియలేదు. తన పేరు లేదు. కుర్చీ సంగతి ఎటు తేలాలో అటు తేలిపోయింది. ఇప్పుడు తప్పని చెబితే తనకు వచ్చేదేమీ లేదు, ఊరుకుంటే పోయేదేమీ లేదు. ఎదురుగా ఉన్నది ఒక ముసలామె, సిస్టర్ ఒళ్ళో కూర్చుని ఆమె తిన్న రొట్టె ముక్క. "అంత పెద్ద తప్పేం కాదు మేడమ్" అంటే సరిపోతుంది. ఆమెకూ హాయి, తనకూ హాయి. ఆ మాట నాలుక చివరే ఉంది. అన్నాళ్ళూ అతను గౌరవమని పేరు పెట్టుకున్నది కూడా ఆ మాట వెంటే వచ్చి నిలబడింది. దాన్ని అతను మొదటిసారి తేరిపార చూశాడు.

వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళారు. మేడమ్ తొందరపెట్టలేదు.

"ఉన్నది మేడమ్" అన్నాడు శ్రీశైలం. "తప్పే."

"సిస్టర్ పెట్టింది కదా?"

"సిస్టర్ గూడూరుల పెట్టింది మేడమ్. అక్కడ పెట్టరు. భూలక్ష్మి పస్తుంటది."

మేడమ్ కళ్ళజోడు తీయలేదు, తుడుచుకోలేదు. ప్రూఫుల్లోంచి ఏడో పాఠం పేజీలు వేరు చేసి, అంచులు సమంగా సర్ది, పక్కన పెట్టింది. ఆ తర్వాత పక్క కుర్చీలో ఉన్న పుస్తకాలు తీసి కింద పెట్టింది.

"ఇందాక తప్పుందని చెప్పింది నీ పేరు, శ్రీశైలం. ఇప్పుడు చెప్పింది నువ్వు. కూర్చో."